ఉన్నమాట రాయడంలోనూ న్యాయం ఉండాలి

మైపాడు ఒడ్డుకో, కృష్ణపట్నం దాపులకో, ఉత్తరాన జువ్వలదిన్నె, రామాయపట్నం వైపుకో ఎప్పుడైనా తెల్లవారుజామున వెళ్లి ఉంటే మీకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు మన మత్స్యకారులు గాలిని నమ్ముకుని సముద్రంలోకి పోవడం లేదు. ఫైబర్ పడవలు వచ్చాయి, వాటికి ఇంజన్లు వచ్చాయి. తెరచాప ఎత్తి గాలివాటం పట్టే విద్య మెల్లమెల్లగా పెద్దవాళ్ల జ్ఞాపకాలలోకి జారుకుంటోంది. విచిత్రమేమంటే, మన పల్లెల్లో కనుమరుగవుతున్న ఆ విద్యే ప్రపంచ వేదిక మీద ఒలింపిక్ క్రీడగా వెలుగుతోంది.

ఈ మాట ఇప్పుడెందుకంటారా? సత్యోపదేశం తరగతిలో ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఈమధ్య ఒక ప్రశ్న తెచ్చాడు. తీరప్రాంతపు విచారణకు చెందినవాడు, కళాశాలలో చదువుతున్నాడు. ఖాళీ దొరికినప్పుడు తెలుగు వికీపీడియాలో వ్యాసాలు రాస్తుంటాడు. అది ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వం. రాసినందుకు డబ్బు రాదు, పేరూ పెద్దగా రాదు. అతడు చెన్నైకి చెందిన తెరచాప పడవల క్రీడాకారిణి నేత్రా కుమనన్ గురించి రాయబోయి ఒకచోట ఆగిపోయాడట.

"మాస్టారూ, మొదటి ఒలింపిక్స్‌లో ఆమెకు వచ్చింది 44 మందిలో 35వ స్థానం. అది రాయమంటారా, వదిలేయమంటారా? మన పాలెం ఆడపిల్లలు చదివి ఒక్కరైనా ధైర్యం తెచ్చుకుంటారని రాస్తున్నాను. ఆ అంకె చూస్తే ఇంతేనా అని నవ్వరూ? మా స్నేహితుడొకడేమో ఆ అంకెనే మొట్టమొదటి వాక్యంలో పెట్టమంటున్నాడు. ఉన్నమాటే గదా అంటున్నాడు."

ఒకడు ప్రేమకొద్దీ దాచాలంటాడు. ఇంకొకడు నిజం పేరు చెప్పి ముందు పెట్టమంటాడు. చూడటానికి ఇది చిన్న ప్రశ్న. కాని నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించినకొద్దీ ఇది మన ఎనిమిదవ ఆజ్ఞకు సంబంధించిన ప్రశ్న అనిపించింది. పొరుగువాని గురించి నోరు విప్పే ప్రతివారికీ, కలం పట్టే ప్రతివారికీ సంబంధించిన ప్రశ్న కనుక మీతో పంచుకుంటున్నాను.

ముందుగా ఆమె విషయం తెలుసుకుందాం. నేత్రా కుమనన్ చిన్నతనంలో చెన్నైలో ఒక వేసవి శిబిరంలో ఈ క్రీడ నేర్చుకున్నారు. మన తీరాన్ని తాకే బంగాళాఖాతమే ఆమెకూ మొదటి బడి. తరువాత స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనేరియా ద్వీపంలో ఏళ్ల తరబడి శిక్షణ పొందారు. 2020 జనవరిలో అమెరికాలోని మయామిలో జరిగిన ప్రపంచ కప్ పోటీలో కాంస్య పతకం గెలిచారు. 2021 ఏప్రిల్‌లో ఒమాన్ దేశంలోని ముసానాలో జరిగిన అర్హత పోటీ ద్వారా టోక్యో ఒలింపిక్స్‌కు ఎంపికయ్యారు. సెయిలింగ్‌లో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. కరోనా వల్ల ఏడాది ఆలస్యంగా 2021లో జరిగిన ఆ క్రీడల్లో 35వ స్థానంలో నిలిచారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో, మార్సెయ్ తీరాన జరిగిన పోటీల్లో, 21వ స్థానానికి చేరారు.

ఇవన్నీ ఉన్నమాటలే. అయినా వీటిలో ఏది ముందు పెడతాం, ఏది వెనుక పెడతాం, ఏది మింగేస్తాం అన్నదాన్నిబట్టి చదివేవాడి మనసులో వేరువేరు మనుషులు తయారవుతారు. పతకం, తొలి మహిళ అన్న రెండు మాటలు మాత్రమే రాస్తే ఒలింపిక్స్‌లోనూ గెలిచారనుకుంటాడు. 35 అనే అంకె మాత్రమే రాస్తే చేతకాక ఓడిపోయారనుకుంటాడు. రెండు చోట్లా ఒక్క అబద్ధమూ లేదు. కాని రెండూ అబద్ధ సాక్ష్యాలే.

ఎనిమిదవ ఆజ్ఞ అనగానే మనకు న్యాయస్థానంలో దొంగసాక్ష్యం గుర్తుకు వస్తుంది. శ్రీసభ బోధన అక్కడితో ఆగదు. పోపు రెండవ జాన్ పౌలు గారు 1992లో వెలువరించిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం పొరుగువాని మంచిపేరుకు హాని చేసే పాపాలను విడివిడిగా వివరిస్తుంది. తగిన ఆధారం లేకుండా ఒకరిలో తప్పు ఉందని మనసులోనే తీర్పు తీర్చుకోవడం ఒకటి. లేనిది కల్పించి నింద వేయడం ఇంకొకటి. మూడోది మనం తరచు మరిచిపోయేది: ఉన్న లోపమే అయినా, సరైన కారణం లేకుండా, తెలియనివారికి బయటపెట్టడం. అంటే నిజం చెప్పి కూడా పాపం చేయవచ్చునన్నమాట. అదే గ్రంథం మరికొంచెం ముందుకు పోయి ముఖస్తుతిని కూడా సత్యానికి విరుద్ధమైన దోషాలలో చేర్చింది. నిందించేవాడు ఎంత తప్పు చేస్తాడో, పొగడ్తతో నిజాన్ని మరుగుపరిచేవాడూ తన పాళ్లు తాను తప్పు చేస్తాడు.

పొగడ్త వల్ల ఎవరికి నష్టం అంటారేమో. నా తప్పే ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక పాఠశాల ప్రత్యేక సంచికలో, పరుగుపందెంలో రెండవ స్థానం వచ్చిన ఒక పేదింటి అమ్మాయిని 'విజేత' అని రాశాను. ఆ పిల్ల సంతోషపడుతుందనుకున్నాను. సంచిక అచ్చయిన మర్నాడు ఆమె కళ్ల నీళ్లతో వచ్చింది. "మాస్టారూ, గెలిచింది నేను కాదు. గెలిచిన అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. నేనే అలా రాయించుకున్నానంటోంది" అంది. ఒక్క పొగడ్త మాటతో ఇద్దరికి అన్యాయం చేశాను. ఒకరి గెలుపు దోచాను. ఇంకొకరి రెండవ స్థానం చెప్పుకోదగ్గది కాదని నాకు తెలియకుండానే తీర్పు చెప్పాను. ఆలోచించండి: ఒకరి నిజమైన స్థానాన్ని దాచామంటే, ఆ స్థానం సిగ్గుపడవలసినదని ముందు మనమే ఒప్పుకున్నట్లు గదా!

పెంచి రాయాలన్న శోధన మన తెలుగువారి విషయంలోనూ వస్తుంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు తారిణి అనే తెరచాప నావ మీద భూమిని చుట్టి రావడానికి బయలుదేరారు. ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి గారు, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య గారు ఉన్నారు. 2018 మే 21న క్షేమంగా తిరిగి వచ్చారు. అందరూ మహిళలే ఉన్న భారతీయ బృందం భూప్రదక్షిణ చేయడం అదే తొలిసారి. ఇక్కడ అభిమానం పొంగి 'భారతీయ' అనే ఒక్క మాట తీసేసి 'ప్రపంచంలోనే తొలిసారి' అని రాసేవారుండవచ్చు. 1989-90లోనే ట్రేసీ ఎడ్వర్డ్స్ నాయకత్వంలో మహిళలే నడిపిన మెయిడెన్ అనే నావ ప్రపంచాన్ని చుట్టే విట్‌బ్రెడ్ పందెం పూర్తిచేసింది. ఒక్క మాట తీసేస్తే వారి కష్టం మన చేతుల్లో కరిగిపోతుంది. ఉంచితే స్వాతి గారికీ, ఐశ్వర్య గారికీ తగ్గేదేమీ లేదు. పెద్ద తుపానులను దాటి వచ్చినవారికి మన చిన్న అబద్ధం ఆసరా ఎందుకు?

ఇక దాచడం తప్పు, పెంచడం తప్పు అయితే, "ఉన్న అంకె ముందు పెడితే తప్పేమిటి?" అన్న స్నేహితుని మాట మిగిలింది. దీనికి జవాబు చెప్పాలంటే ఆ అంకె ఎలా పుడుతుందో చూడాలి.

నేత్ర పాల్గొన్న పోటీ ఒక్కరే నడిపే చిన్న పడవది. టోక్యో నాటికి దాన్ని లేజర్ రేడియల్ అనేవారు, పారిస్ నాటికి ఐ.ఎల్.సి.ఎ.-6 అన్నారు. అందరి పడవా ఒకే కొలత, అందరి తెరచాపా ఒకటే. తేడా అంతా మనిషిలోనూ, గాలిని చదవడంలోనూ ఉంటుంది. ఒక దేశం నుంచి ఒక్కరికే చోటు. అందుచేత 44 మందిలో 35వ స్థానం అంటే ఏదో ఊరి తిరునాళ్ల పందెంలో 35వ స్థానం కాదు. 44 దేశాలు తమలో ఒక్కొక్కరిని ఏరి పంపిన వరుసలో 35వ స్థానం. అంతకుముందు మన దేశపు మహిళ ఎవరూ నిలబడని వరుస అది. ఈ మాటలు పొగడ్తలు కావు, కొలతబద్ద మీది గీతలు. గీతలు చెరిపేసి అంకె ఒక్కటే చూపిస్తే కొలత చెప్పినట్లు కాదు. పుట్టి కొలతో, కుంచం కొలతో చెప్పకుండా 'అయిదు' అన్నట్లుంటుంది.

అర్హత సంగతీ అంతే. 2024 ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని ఇయేర్ పట్టణంలో చివరి అవకాశపు పోటీలో ఆమె మొత్తంమీద 5వ స్థానంలో నిలిచి, ఈ క్రీడలో ఎదుగుతున్న దేశాలకు కేటాయించిన చోటును గెలుచుకున్నారు. 'అయిదవ స్థానం' అని మాత్రం రాసి చోటు ఎలా దక్కిందో చెప్పకపోతే సగం నిజం. 'కేటాయింపు మీద వెళ్లింది' అని మాత్రం రాసి అయిదవ స్థానం మింగేస్తే అదీ సగం నిజమే. మొదటిది ముఖస్తుతి, రెండోది చాడీ. రెండు సగాలూ ఒకచోట చేరినప్పుడే న్యాయం. 2018లో నాటి పోపు ఫ్రాన్సిస్ గారు ప్రపంచ సమాచార సాధనాల దినోత్సవ సందేశంలో అబద్ధపు వార్తల గురించి చెబుతూ ఏదెను తోటలోని సర్పాన్ని గుర్తుచేశారు. సర్పం ఏవను మోసగించింది పచ్చి అబద్ధంతో కాదు, నిజంలా కనిపించే మాటతో. సగం నిజానికి ఉన్న విషం అటువంటిది.

ఈ క్రీడలో ఒక నియమం నన్ను బాగా ఆకట్టుకుంది. పోటీ ఒక్కరోజుతో అయిపోదు. కొన్ని రోజులపాటు అనేక పందేలు జరుగుతాయి. ఒక్కో పందెంలో వచ్చిన స్థానమే ఆ పందెపు పాయింట్లు. మొదటివారికి 1, పదోవారికి 10, అలా. చివరికి తక్కువ పాయింట్లు ఉన్నవారు ముందు. అయితే గాలి ఎవరి మాటా వినదు గనుక, ప్రతివారికీ తమ పందేలలో అన్నిటికన్నా చెడ్డదాన్ని ఒకదాన్ని లెక్కలోంచి తీసేస్తారు. తీసేస్తారు కాని చెరిపేయరు. ఫలితాల పట్టికలో ఆ అంకె అలాగే ఉంటుంది, దాని చుట్టూ బ్రాకెట్లు ఉంటాయి. అది జరిగింది, దాచలేదు. కాని దానితోనే ఈ మనిషిని తూచవద్దని ఆ బ్రాకెట్లు చెబుతాయి. పాపసంకీర్తనం చేసి లేచిన కతోలికునికి ఈ బ్రాకెట్ల భావం వివరించనక్కరలేదనుకుంటాను. దేవుడు మన గతాన్ని జరగలేదని అనడు. దానితోనే మనల్ని కొలవడు, అంతే.

అంకె ఎంత చెబుతుంది, ఎంత చెప్పదు అనడానికి ఇంకొక ఉదాహరణ. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో తెరచాప పందేలు పూసాన్ తీరాన జరిగాయి. సెప్టెంబరు 24న గాలి ఉధృతమైంది. కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ అనే క్రీడాకారుడు తన ఫిన్ తరగతి పందెంలో రెండవ స్థానంలో పోతున్నాడు. పక్కన వేరే తరగతి పందెంలోని ఒక పడవ బోర్లాపడి, సింగపూరుకు చెందిన ఇద్దరు నీళ్లలో కొట్టుకుపోతూ కనిపించారు. అతడు పందెం వదిలి పడవ తిప్పాడు. ఇద్దరినీ కాపాడి, సహాయక పడవ వచ్చేదాకా ఆగి, వారిని అప్పగించి, ఆ తరువాత పందెంలోకి తిరిగి వచ్చాడు. అప్పటికి చాలామంది దాటిపోయారు. పతకం ఆశ పోయింది. న్యాయనిర్ణేతలు ఆ పందెంలో అతనికి రెండవ స్థానమే ఇచ్చారు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం కూబర్తిన్ పేరిట పతకంతో గౌరవించింది. చివరి పట్టికలో మాత్రం అతని స్థానం 11.

సముద్రం మీద బతికే మన పాలేలకు ఇది కొత్త సంగతి కాదు. ఎదుటి పడవ మునుగుతుంటే వల కోసి పారేసి వెళ్లడం వారికి తాతముత్తాతలనాటి ధర్మం. పందెపు నియమావళిలోనూ మొట్టమొదటి నియమం అదే: ఆపదలో ఉన్నవారికి చేతనైనంత సాయం చేయాలి. ఇప్పుడు చెప్పండి, లెమ్యూ గురించి విజ్ఞాన సర్వస్వంలో ఏమి రాయాలి? 11వ స్థానం అని రాసి ఊరుకుంటే అన్యాయం. 'ఆ రోజు ఆగకపోతే స్వర్ణం గెలిచేవాడే' అని రాస్తే అది ఎవరికీ తెలియని విషయం, మన కోరిక మాత్రమే. జరిగింది జరిగినట్లు రాస్తే చాలు. ఇద్దరు మనుషులు బతికారు. స్థానం 11. చదివేవారికి దేవుడిచ్చిన మనస్సాక్షి ఉంది, అది తన పని తాను చేసుకుంటుంది.

లెమ్యూ కథలో నిజం మధురంగా ఉంది. చేదుగా ఉన్నప్పుడు ఏం చేయాలి? 1968-69లో ఒంటరిగా ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టే పందెంలో డొనాల్డ్ క్రోహర్స్ట్ అనే ఆంగ్లేయుడు పాల్గొన్నాడు. అతని పడవ ఆ ప్రయాణానికి సరిపోలేదు. వెనక్కి పోతే అప్పులు, ముందుకు పోతే మరణం. అతడు అట్లాంటిక్‌లోనే తిరుగుతూ, ప్రపంచం చుట్టి వస్తున్నట్లు తప్పుడు సమాచారం పంపాడు. 1969 జూలైలో ఖాళీ పడవ దొరికింది, మనిషి దొరకలేదు. పడవలో దొరికిన రాతపుస్తకాలు మోసాన్ని బయటపెట్టాయి. ఆ పందెం పూర్తిచేసిన ఏకైక వ్యక్తి రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ తనకు వచ్చిన 5,000 పౌండ్ల బహుమతిని క్రోహర్స్ట్ భార్యాబిడ్డలకు ఇచ్చేశాడు. మోసాన్ని రాయకుండా ఉండలేము. రాయకపోతే నిజాయితీగా తిరిగివచ్చినవాడికి అన్యాయం. కాని ఆ మనిషిని 'మోసగాడు' అనే ఒక్క మాటలో పూడ్చిపెట్టే హక్కు మనకు లేదు. అతనికి భార్య ఉంది, పిల్లలున్నారు, అప్పులున్నాయి, భయముంది. సత్యం చెప్పాలి, దయతో చెప్పాలి. నాక్స్-జాన్‌స్టన్ నిజాన్ని కాదనలేదు, అయినా చేయి చాచాడు.

ఒకరి గురించి నలుగురూ కలిసి రాసే పుస్తకంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. మన తెలుగులో విజ్ఞాన సర్వస్వం కల కొత్తది కాదు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టి, 1923లో కన్నుమూసే నాటికి అకారంతో మొదలయ్యే విషయాలనే దాటలేకపోయారు. ఒక మనిషి ఆయుష్షు చాలని పని అది. 2001లో ఆంగ్లంలో వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనప్పుడు ఆ పని వేలమంది చేతుల్లోకి వచ్చింది. వేలమంది చేతులంటే వేలమంది అభిమానాలు, వేలమంది కక్షలు కూడా.

2005లో ఏమి జరిగిందో చూడండి. అమెరికాకు చెందిన జాన్ సీగెంతాలర్ అనే పెద్దమనిషి, పేరున్న పాత్రికేయుడు, ఒకప్పుడు రాబర్ట్ కెనెడీ దగ్గర పనిచేసినవాడు. ఆంగ్ల వికీపీడియాలో ఎవరో తమాషాకు, కెనెడీ సోదరుల హత్యలతో ఆయనకు సంబంధం ఉందన్న అనుమానం ఉండేదని రాసిపెట్టారు. నెలల తరబడి ఆ మాట అలాగే ఉండిపోయింది. విషయం బయటపడ్డాక రాసిన వ్యక్తి క్షమాపణ కోరాడు, ఉద్యోగం వదులుకున్నాడు. అప్పుడు సీగెంతాలర్ ఏం చేశారో తెలుసా? అతడిని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని ఆ యజమానిని కోరారు. బతికున్నవారి గురించి రాసేటప్పుడు ప్రత్యేకమైన జాగ్రత్త, గట్టి ఆధారం ఉండాలన్న కట్టుబాటు ఆ తరువాతే వికీపీడియాలో స్థిరపడింది. పునీత ఫిలిప్పు నేరి గారు చాడీలు చెప్పే ఒక స్త్రీని దారి పొడుగునా కోడి ఈకలు పీకి పారవేస్తూ రమ్మని, తరువాత వాటన్నిటినీ ఏరి తెమ్మన్నారని ఒక కథ చెబుతారు. ఈకలు ఏరడం ఎవరివల్లా కాదు. ఈనాటి గాలికి ఆ ఈకలు ఖండాలు దాటిపోతాయి.

ఈ సామూహిక రచనకు పెట్టుకున్న నియమాలు చూస్తే నాకు ముచ్చటేసింది. ఏ పక్షమూ వహించకుండా రాయాలి. ప్రతి మాటకూ అచ్చయిన ఆధారం చూపాలి. సొంత ఊహలు చేర్చకూడదు. ఎవరు ఏది మార్చారో ప్రతి వ్యాసానికీ ఒక చరిత్ర పుట దాచి ఉంచుతుంది. భిన్నాభిప్రాయం వస్తే కొట్లాడుకోకుండా చర్చ పుటలో మాట్లాడుకోవాలి. ఇవి యంత్రం కోసం పెట్టుకున్న నియమాల్లా కనిపిస్తాయి కాని, నిజానికి వినయానికి పెట్టుకున్న నియమాలు. 'నాకు తెలుసు' అన్నది చాలదు, 'ఇదిగో ఆధారం' అనాలి. మన ఇళ్లలో, మన సంఘాల్లో, గుడి ముంగిట ఆదివారం పూట కబుర్లలో ఈ ఒక్క నియమం పాటించినా ఎన్ని కాపురాలు నిలబడతాయో, ఎంతమంది ఆడపిల్లల పేర్లు చెడిపోకుండా ఉంటాయో!

మన పవిత్ర గ్రంథమే ఈ విషయంలో మనకు గొప్ప పాఠం. పునీత పేతురు గారు శ్రీసభకు పునాదిరాయి. ఆయన ప్రభువును ఎరుగనని ముమ్మారు బొంకిన సంగతిని నలుగురు సువార్తికులూ రాశారు. మార్కు గారి సువార్తకు పేతురు గారి బోధలే ఆధారమని ప్రాచీన సంప్రదాయం చెబుతుంది. అంటే తన పతనాన్ని ఆయనే నలుగురికీ చెప్పుకున్నారన్నమాట. తొలి క్రైస్తవులకు తమ నాయకుని మీద అభిమానం లేక అలా రాశారా? కాదు. దాచవలసిన అవసరం లేనంత ప్రేమ ఉంది గనుక రాశారు. అలాగని ఆ కోడికూత దగ్గరే కథ ఆపలేదు. సరస్సు ఒడ్డున ప్రభువు ముమ్మారు ప్రేమను గురించి అడగడమూ రాశారు.

పునీత పౌలు గారైతే కొరింతీయులకు రాసిన రెండవ లేఖలో తన ఘనత చెప్పుకోవలసి వచ్చినప్పుడు చెప్పుకున్నదేమిటి? ఎన్ని దెబ్బలు తిన్నదీ, పదే పదే చెరసాల పాలైనదీ, మూడుసార్లు ఓడ పగిలినదీ, ఒక రాత్రీ పగలూ నడిసముద్రంలో గడిపినదీ లెక్కతో సహా చెప్పారు. లోకం ఓటమి అనే అంకెలనే ఆయన తన లెక్కగా చూపించారు. ఆ లెక్క చూసి ఎవరైనా నవ్వారా? రెండు వేల ఏళ్లుగా మనకు ధైర్యమిస్తున్నది ఆ లెక్కే గదా!

ఒక్క వెలితి మాత్రం నన్ను బాధించింది, దాచను. అచ్చయిన ఆధారం ఉన్నవారికే ఆ పుస్తకంలో చోటు. 2004 డిసెంబరు 26న సునామీ మన తీరాన్ని తాకినప్పుడు, అంతకు ముందూ వెనుకా వచ్చిన తుపానుల్లో, పక్కవాడి కోసం ప్రాణానికి తెగించిన మన మత్స్యకార సోదరుల పేర్లు ఏ పత్రికలో ఎన్ని వచ్చాయి? వారి గాలి చదువుకు పట్టిక లేదు, పాయింట్లు లేవు. అలాగని ఆధారం లేకుండా కల్పించి రాయకూడదు. వారి పేర్లు పెద్దలు బతికుండగానే అడిగి, విచారణ చరిత్రల్లో, మన పత్రికల్లో నిజాయితీగా రాసిపెట్టడం మన పని. రాయనిదీ, రాయలేనిదీ దేవుని గ్రంథంలో ఉంటుందని మన విశ్వాసం. ఆ గ్రంథంలో ఎవరి స్థానమూ ఎవరూ దిద్దలేరు.

ఆ కుర్రవాడికి చివరికి నేను చెప్పింది ఇంతే: "నాయనా, అంకె రాయి. 44 మందిలో అన్నదీ రాయి. ఒక దేశానికి ఒక్కరే అన్నదీ రాయి. మయామి కాంస్యమూ రాయి, టోక్యో 35 రాయి, పారిస్ 21 రాయి. తేదీలు వరుసలో పెట్టు. 'అద్భుతం' అనకు, 'విఫలం' అనకు. ఆ రెండు మాటలూ చదివేవాళ్లకు వదిలెయ్యి. రాసేముందు ఒక్కసారి ఆలోచించు: ఆమె నీ పక్కనే కూర్చుని చదువుతోందనుకో, ఏ వాక్యం దగ్గరైనా నువ్వు తల దించుకోవలసి వస్తుందా? ఆమె చేతిలో ఓడినవాళ్లూ, ఆమెను ఓడించినవాళ్లూ కూడా పక్కనే ఉన్నారనుకో. అందరి ముందూ తల ఎత్తుకుని చదవగలిగితే అది న్యాయమైన రాత."

అతడు కొంచెంసేపు ఊరుకుని, "మాస్టారూ, 35 నుంచి 21కి వచ్చిందని చదివితే మన పిల్లలు నవ్వరేమో లెండి" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. మొదటి అంకె దాచి ఉంటే రెండో అంకెకు ఈ విలువ ఎక్కడిది?

ప్రియ పాఠకులారా, మనమందరం విజ్ఞాన సర్వస్వాలు రాయము. కాని రోజూ ఎవరో ఒకరి గురించి ఒక వాక్యం చెబుతూనే ఉంటాం. పెళ్లి సంబంధం అడగవచ్చినవారికి, కొత్త ఉపాధ్యాయుని గురించి అడిగిన తల్లికి, అప్పు ఇవ్వబోయేవారికి. ఆ ఒక్క వాక్యమే అవతలివారి చరిత్ర అయిపోతుంది. ఈ వారం అలాంటి వాక్యం మీ నోటికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగండి. పెంచుతున్నామా, దాచుతున్నామా, సగమే చెబుతున్నామా అని చూసుకోండి. సత్యస్వరూపుడైన ప్రభువు మన నాలుకలకు నిజమూ, ఆ నిజానికి దయా కలిపి అనుగ్రహించుగాక!